రెండు గుండుసున్నాలు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బాబ్జీ,

నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. చెబుదామంటే నువ్వు వినే మూడ్‌లో లేవు. "సర్లే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశావు. అందుకే కాగితం పట్టుకుని కూర్చున్నా. పెన్నుతో ఇంత రాసి ఎన్నేళ్లయిందో, రాత కోడి గెలికినట్టుంటే తిట్టుకోకు.

మీ చిన్ని టెన్నిస్ మ్యాచ్‌లో రెండు సెట్లూ ఒక్క గేమ్ గెలవకుండా ఓడిపోయింది. 6-0, 6-0. రెండు గుండుసున్నాలు. రాకెట్‌ని బీరువా మీదకి విసిరేసి, అన్నం తినకుండా పడుకుంది. అదంతా మామూలే, పిల్లలన్నాక ఏడుస్తారు. కానీ నీ గొంతులో వినిపించింది ఆ ఓటమి కాదురా. ఆ కోచ్ "పిల్లకి ఎత్తు చాలదండీ, ఇది పొడుగువాళ్ల ఆట, చదువు మీద పెట్టించండి" అన్నాడు చూడు, ఆ మాట నిన్ను కుమ్మేస్తోంది. పన్నెండేళ్ల పిల్ల ఇంకెంత ఎదుగుతుందో ఎవడు చెప్పగలడు? అయితే మీ ఇంట్లో చెల్లెమ్మ తప్ప పొడుగువాళ్లెవరూ లేరన్నది మాత్రం ఒప్పుకోవాలి. కాలేజీ గ్రూప్ ఫోటోలో నిన్ను ఎప్పుడూ ముందు వరసలో ఎందుకు కూర్చోబెట్టేవాళ్లో అందరికీ తెలుసు.

నీకు సిబుల్కోవా గుర్తుందా? డొమినికా సిబుల్కోవా, స్లొవేకియా టెన్నిస్ అమ్మాయి. నేను సింగపూర్‌లో ఉన్నప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి నీ బుర్ర తినేవాణ్ణి కదా, ఆ అమ్మాయే. ఎత్తు 161 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల మూడంగుళాలు. రష్యా షరపోవా ఆరడుగుల రెండంగుళాలు. ఇద్దరూ నెట్ దగ్గర చేతులు కలుపుతుంటే ఒకరు బల్ల మీద నిలబడ్డారేమో అనిపించేది.

ఆ పేరు సంగతి చెప్పానో లేదో. వాళ్ల భాషలో ఉల్లిపాయని సిబుల్యా అంటారు. ఇంటిపేరు సిబుల్కా, ఆడపిల్లలకి చివర "ఓవా" చేరుతుంది. అంటే మన లెక్కలో ఉల్లి వారి అమ్మాయి. ఆడేటప్పుడు పాయింటు గెలిస్తే చాలు, పిడికిలి బిగించి "పొమె!" అని అరిచేది. మొదటిసారి విన్నప్పుడు ఎవరినో "పొమ్మే" అని తరుముతోందనుకున్నా. తీరా చూస్తే దానర్థం "పోదాం పద". మాటకి మాట, అర్థానికి అర్థం ఎంత దగ్గరగా ఉందో చూడు! పిట్ట కొంచెం కూత ఘనం అని మనవాళ్లు ఎవర్ని చూసి అన్నారో గానీ, ఈవిడకి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

1989 మే 6న బ్రాటిస్లావాలో పుట్టింది. స్లొవేకియా విడిగా దేశమైంది 1993లో, అంటే దేశం కన్నా ఈ అమ్మాయే దాదాపు నాలుగేళ్లు పెద్ద. ఆ దేశం మొత్తం జనాభా మన హైదరాబాద్ జనం కన్నా తక్కువ. అయినా టెన్నిస్‌లో వాళ్లకి కొదవ లేదు. ఈమెకి ముందు హంతుకోవా ఉండేది, నీకు గుర్తుంటుంది, 2005లో మన మహేశ్ భూపతితో కలిసి యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో మన లియాండర్ పేస్, నవ్రతిలోవా జోడీని ఓడించిందీ ఆవిడే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు. సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి మోడల్‌లా ఉండేది. ఆమె తర్వాత ఈ పొట్టి పిల్ల వచ్చేసరికి అక్కడ కూడా ఎవరో ఒకరు పెదవి విరిచే ఉంటారు, పెదవి విరిచేవాళ్లు లేని దేశముంటుందా?

సరే, అసలు విషయానికొస్తా. 2013 జనవరి, సిడ్నీ. సిబుల్కోవా ఫైనల్ దాకా వచ్చింది. ఎదురుగా పోలండ్ అమ్మాయి అగ్నీష్కా రద్వాన్‌స్కా. స్కోరు ఎంతనుకున్నావు? 6-0, 6-0. చిన్ని స్కోరే. తేడా ఏంటంటే ఇది టీవీలో ప్రపంచమంతా చూస్తుండగా, టైటిల్ కోసం ఆడిన మ్యాచ్‌లో. ఒక్క గేమ్ కూడా రాలేదు. ఆ తర్వాత మైకు చేతికిచ్చి మాట్లాడమంటారు కూడా. చిన్నికి కనీసం ఆ బాధ తప్పింది.

ఇప్పుడు ఈ ఇద్దరి కథ వరసగా విను. అదే ఏడాది జూలైలో స్టాన్‌ఫర్డ్ ఫైనల్. మళ్లీ రద్వాన్‌స్కా. మొదటి సెట్ 3-6 పోయింది, తర్వాత రెండూ 6-4, 6-4. గెలిచింది. 2014 జనవరిలో, అంటే గుండుసున్నాలకి దాదాపు ఏడాదికి, ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్. మళ్లీ ఆవిడే ఎదురు. ఈసారి 6-1, 6-2. అప్పటిదాకా స్లొవేకియా ఆడవాళ్లెవరూ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్‌కి వెళ్లలేదు, ఈమే మొదటిది. ఆ టోర్నీలోనే అంతకుముందు షరపోవాని మొదటి సెట్ ఓడిపోయాక 6-4, 6-1తో పంపించింది. క్వార్టర్స్‌లో రుమేనియా అమ్మాయి హాలెప్‌ని 6-3, 6-0తో.

ఎలా ఆడేదో చెప్తా, ఇది చిన్నికి కూడా చదివి వినిపించు. పొట్టివాళ్లకి టెన్నిస్‌లో పెద్ద తలనొప్పి బంతి ఎగిరి భుజం పైకి రావడం. సిబుల్కోవా అంత దూరం రానిచ్చేదే కాదు. బేస్‌లైన్ వదిలి వెనక్కి పోకుండా, బంతి నేల తాకి పైకి లేస్తుండగానే నడుము ఎత్తులో పట్టుకుని ఫోర్‌హ్యాండ్‌తో బాదేది. అలా చేయాలంటే ప్రతి బంతికీ ముందే అక్కడ ఉండాలి, అంటే కాళ్లు. ఆ అమ్మాయి తొడలు, పిక్కలు చూస్తే స్ప్రింటర్‌వి అనుకుంటావు. సెర్వ్ మాత్రం బలహీనమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండో సెర్వ్ పడిందంటే అవతలివాళ్లు పండగ చేసుకునేవాళ్లు. ఎత్తు లేకపోతే నష్టం లేదని నేననను. ఉంది, సెర్వ్‌లో ఉంది. ఆ కోచ్ అంతవరకే చెప్పి ఆగి ఉంటే నేనూ తలూపేవాణ్ణి.

ఫైనల్ సంగతి నీకు తెలుసు. చైనా అమ్మాయి లీ నా. మొదటి సెట్ 6-6 అయ్యాక ఆడించే టై బ్రేక్ దాకా లాగింది, అది 7-3తో పోయింది. రెండో సెట్? 6-0. మళ్లీ గుండుసున్నా! అదీ గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో. ఆ రోజు లీ నా ప్రసంగం గుర్తుందా, ఏజెంటుకి నన్ను డబ్బున్నదాన్ని చేశావని థ్యాంక్స్ చెప్పి, మొగుడితో నేను దొరకడం నీ అదృష్టమని అని స్టేడియం మొత్తాన్ని నవ్వించింది. ఈ పిల్ల పక్కన ప్లేటు పట్టుకుని నిలబడి నవ్వుతూనే ఉంది. నేనైతే ఆ ప్లేటు పెట్టి ఎవరి నెత్తినో కొట్టేవాణ్ణి.

తర్వాత ఇంకా పెద్ద దెబ్బ. 2015లో పిక్కని మడమకి కలిపే పట్టీకి, అకిలీస్ అంటారే దానికి, ఆపరేషన్. కాళ్ల మీద బతికే మనిషికి కాలే పోయింది. నెలల తరబడి ఆట లేదు. 2016 మొదట్లో ర్యాంకు 60 దాటి కిందకి పోయింది. నేను కూడా ఇక అయిపోయిందిలే అనుకున్నా, నిజం.

ఇక 2016 మొత్తం సినిమానే. కటోవీచెలో టైటిల్, మాడ్రిడ్‌లో ఫైనల్, ఈస్ట్‌బోర్న్‌లో టైటిల్. అప్పుడొచ్చింది వింబుల్డన్. ఈ మహాతల్లి పెళ్లి ముహూర్తం జూలై 9కి పెట్టుకుంది. అది ఏ రోజో తెలుసా? వింబుల్డన్ ఆడవాళ్ల ఫైనల్ రోజు! గడ్డి మీద అంత దూరం వెళ్తానని తనకే నమ్మకం లేదన్నమాట. నాలుగో రౌండ్‌లో మళ్లీ మన రద్వాన్‌స్కా. 6-3, 5-7, 9-7. మ్యాచ్ పాయింట్ కాచుకుని మరీ గెలిచింది. దాదాపు మూడు గంటలు ఇద్దరూ ఒకరినొకరు ఊడ్చేశారు. ఇంకో మ్యాచ్ గెలిస్తే పెళ్లి వాయిదా వేస్తానంది. నేనూ నువ్వూ ఫోన్లో పందెం వేసుకున్నాం, మర్చిపోయావా? క్వార్టర్స్‌లో రష్యా అమ్మాయి వెస్నినా 6-2, 6-2తో ఓడించి పెళ్లి నిలబెట్టింది. అనుకున్న రోజునే బ్రాటిస్లావాలో పెళ్లయింది. నువ్వు నాకు బాకీ పడ్డ బిర్యానీ మాత్రం ఇప్పటికీ రాలేదు.

అక్టోబర్‌లో లింజ్‌లో టైటిల్ కొట్టి, ఏడాది చివర ఎనిమిది మందితో ఆడించే ఫైనల్స్‌కి సింగపూర్ వచ్చింది. అంటే మా ఊరికి! టికెట్ కొనడానికి నేను ముందూ వెనకా చూసుకోలేదు. సానియా కూడా హింగిస్‌తో డబుల్స్ ఆడటానికొచ్చింది. మా ఆఫీసులో తెలుగువాళ్లంతా సానియా కోసమే వెళ్లారు, పాపం వాళ్లిద్దరూ సెమీస్‌లో మకరోవా, వెస్నినా జోడీకి ఓడిపోయారు. ఆ వెస్నినా వింబుల్డన్‌లోనూ నా కొంప ముంచింది, ఇక్కడా ముంచింది.

అక్కడ ఎనిమిది మందినీ నలుగురేసి రెండు గ్రూపులు చేస్తారు, గ్రూపులో మొదటి ఇద్దరే సెమీస్‌కి. సిబుల్కోవా మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయింది. జర్మనీ కెర్బర్ మీద మూడు సెట్లు, అమెరికా కీస్ మీద రెండు సెట్లు. ఇంటికి టికెట్ బుక్ చేసుకోవాల్సిందే అనుకున్నారంతా. మూడోది హాలెప్ మీద గెలిచింది, 6-3, 7-6. అదే గ్రూప్‌లో కెర్బర్ కీస్‌ని ఓడించింది. దాంతో ముగ్గురికీ తలో ఒక్క గెలుపు. అప్పుడు సెట్లు లెక్కపెట్టారు. హాలెప్ గెలిచినవి రెండు, కీస్ గెలిచినవి రెండు, సిబుల్కోవావి మూడు. ఆ మూడో సెట్ ఎక్కడిదంటావు? కెర్బర్ చేతిలో ఓడిపోయిన మ్యాచ్‌లో మధ్యలో గెలిచిన ఒక్క సెట్, 6-2. ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పేపర్లో ఓడిందనే రాశారు.

సెమీస్ శనివారం, అక్టోబర్ 29. సింగపూర్‌లో ఆ రోజే దీపావళి సెలవు. మీకు మర్నాడు. పొద్దున్న సెరంగూన్ రోడ్డు గుడికి వెళ్లి, సాయంత్రం స్టేడియంలో కూర్చున్నా. ఎదురు కుజ్నెత్సోవా. ఆవిడ ఆ వారంలోనే ఒక మ్యాచ్ మధ్యలో జడ అడ్డమొస్తోందని కత్తెర తీసుకుని కోర్టులోనే కత్తిరించేసుకుంది, అంత మొండి ఘటం. మొదటి సెట్ 1-6 పోయింది. నా పక్కన కూర్చున్న చైనా పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. తర్వాత 7-6, 6-4. ఆయన ఎక్కడున్నాడోగానీ జాలేసింది.

మర్నాడు ఫైనల్. కెర్బర్, ప్రపంచ నంబర్ వన్, ఆ ఏడాది రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి. 6-3, 6-4. చివరి పాయింటు బంతి నెట్ అంచుకి తగిలి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, అవతలికి జారిపడింది. సిబుల్కోవా కోర్టు మీద వెల్లకిలా పడిపోయింది. నీకు అప్పుడే ఫోన్ చేశా, గుర్తుందా? నువ్వు ఎత్తావు గానీ మీ వీధిలో టపాసుల మోతకి నా మాట ఒక్కటి కూడా వినపడలేదు. "ఏమైందిరా, ఎవరికేమైంది" అని కంగారు పడ్డావు. వెనకాల చిన్ని కాకరపువ్వొత్తి కావాలని ఏడుపు.

అక్కడితో కథ ఆపేస్తే బాగుండేది గానీ నీకు అబద్ధం చెప్పలేను. ఆ తర్వాత ఇంకో టైటిల్ రాలేదు. 2017 మార్చిలో ర్యాంకు 4 దాకా ఎక్కింది, అదే పైమెట్టు. తర్వాత మెల్లగా దిగుడే. 2018లో వింబుల్డన్ క్వార్టర్స్ ఆడింది. 2019 ఫ్రెంచ్ ఓపెన్ మొదటి రౌండ్‌లో సబలెంకా మీద ఓడిపోయింది, అదే ఆఖరి మ్యాచ్. ముప్ఫై ఏళ్లకే ఆపేసింది. మొత్తం ఎనిమిది సింగిల్స్ టైటిళ్లు, గ్రాండ్‌స్లామ్ ఒక్కటీ లేదు. ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ ఉంది.

చిన్నికి ఇదంతా కథలా చెప్పకురా, పిల్లలకి మనం నీతి చెబుతున్నామని ఇట్టే తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో ఆ సిడ్నీ ఫైనల్ పెట్టి వదిలేయ్. అది చూసి "మరి తర్వాతేమైంది నాన్నా" అని అడిగితే అప్పుడు స్టాన్‌ఫర్డ్ పెట్టు. అడగకపోతే వదిలేయ్, ఆడాలని లేకపోతే ఆడదు, అదీ తప్పేం కాదు. రాకెట్ మాత్రం బీరువా మీద నుంచి నువ్వు దించకు. దానికే అందనంత ఎత్తులో ఉందంటావా, కుర్చీ ఎక్కడుంటుందో దానికి తెలుసు.

వచ్చే శనివారానికి గౌతమిలో టికెట్ చూశా, వెయిటింగ్ లిస్ట్ 14. కన్ఫర్మ్ అయితే ఆదివారం పొద్దున్నే దిగుతా, స్టేషన్‌కి రా. బిర్యానీ బాకీ సంగతి చెల్లెమ్మకి ముందే చెప్పి ఉంచు.

నీ,
శీను