నాన్న పెట్టిన తాళం తీయించిన పెద్దాయనకు

నిన్న సాయంత్రం నాన్న కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం తెరుచుకుంది. తాతయ్య పద్యాలు తెర మీద కనబడగానే అమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. దీనికి కారణమైన సికింద్రాబాద్ పెద్దాయన తన పేరు రాయవద్దన్నారు. కృతజ్ఞతలు మాత్రం అందరి ముందూ చెప్పుకోవాలి.

నాన్న డీటీపీ కేంద్రం నడిపేవారు. శుభలేఖల పని లేని వేళల్లో తాతయ్య పద్యాలను అను అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి పెట్టారు. ఆయన పోయిన రెండేళ్లకు ఆ కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ మొరాయించింది. సీడీతో బాగుచేద్దామంటే, ముందు సీడీనే చదవమని బయోస్ సెటప్‌లో, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే అమరికల తెరలో, మార్చాలి. దానికి నాన్న పాస్‌వర్డ్ పెట్టారు. అమ్మ పుట్టినరోజు, దుకాణం పేరు, స్కూటర్ నంబరు, ఏదీ కలవలేదు. హార్డ్‌డిస్క్ ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లు వచ్చాయి, తెలుగు రాలేదు. పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే ఉమ్మడి పద్ధతిలో ఉండవు. ఆ ఫాంట్లు లేని చోట పద్యమంతా పిచ్చి గుర్తులే.

పెద్దాయన మొదట అడిగింది, "అమ్మా, ఈ కంప్యూటర్ ఎవరిది?" అని. నాన్న విషయం చెప్పాకే సాయానికి ఒప్పుకున్నారు. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది.

సెటప్ అమరికలను గుర్తుంచే, లోపలి నాణెం లాంటి సెల్ తీసి అరగంట ఆగినా పాస్‌వర్డ్ పోలేదని చెప్పాను. వీడియోలో మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ పలక, చూపించమన్నారు. చూడగానే, "ఆ మూల పచ్చ దీపం వెలుగుతోంది, చూశారా? కరెంటు వైరు ఇంకా ప్లగ్గులోనే ఉంది" అన్నారు. కంప్యూటర్ ఆపినా వైరు ఉన్నంతసేపూ బోర్డుకు కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుందట. ఆ కరెంటే పాస్‌వర్డును నిలబెట్టింది.

వైరు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోమన్నారు. దీపం మెల్లగా ఆరిపోయింది. సెల్ పక్కనే మూడు సన్నని పిన్నులు, వాటిలో రెండింటి మీద వేలిగోరంత కూడా లేని నీలి టోపీ. పాస్‌వర్డ్ చెరిపేది అదే. దాన్ని పట్టకారుతో తీసి, ఒకటి, రెండు పిన్నుల నుంచి రెండు, మూడు పిన్నులకు మార్చి, పది సెకన్ల తర్వాత మళ్లీ యథాస్థానంలో పెట్టించారు. నా చేయి వణుకుతుంటే, "తొందరేమీ లేదమ్మా, నేను లైన్లోనే ఉన్నాను" అన్నారు.

కొత్త సెల్ వేసి, వైరు పెట్టి ఆన్ చేస్తే సెటప్ ఏమీ అడగకుండా తెరుచుకుంది. తేదీ, సమయం సరిచేసి, సీడీని ముందుకు తెచ్చాం. ఎక్స్‌పీ బాగుపడేదాకా ఆయన ఫోను పెట్టేయలేదు.

ల్యాప్‌టాప్‌లతో ఇలా చేయబోవద్దని కూడా హెచ్చరించారు. చాలావాటిలో పాస్‌వర్డ్ వేరే చిప్పులో ఉంటుంది, సెల్ తీసినా చెరగదు.

డబ్బు పంపుతానంటే వద్దన్నారు. అయ్యా, పద్యాలన్నీ పీడీఎఫ్ చేశాను. అచ్చు వేయించిన మొదటి ప్రతి అమ్మకు, రెండోది మీకు.