బెత్తెడు దూరం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హైస్కూల్లో పీఈటీని. 2025 సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ జావెలిన్ త్రోలో (బల్లెం విసరడంలో) నీరజ్ చోప్రా ఎనిమిదో స్థానంతో ఆగిపోయిన దగ్గర్నుంచి 'ఇక వీడి పనైపోయింది' అనే మాట టీ కొట్టు దగ్గరా వింటున్నా, మా స్టాఫ్ రూములోనూ వింటున్నా. పేపర్లు కూడా మెడల్ వచ్చిన రోజు 'బల్లెం వీరుడు' అని నెత్తిన పెట్టుకుంటాయి, రాని రోజు 'నిరాశపరిచాడు' అని నాలుగు లైన్లతో సరి. మీ పేపరూ అంతే, ఏమనుకోకండి.

2021 జూన్ తర్వాత అతను దిగిన పోటీల్లో వరసగా 26 సార్లు ఫస్టో, సెకండో వచ్చాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 87.58 మీటర్ల స్వర్ణం, 2023 బుడాపెస్ట్‌లో ప్రపంచ టైటిల్ అందులోవే. ఆ వరస మొన్నటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నడుం నొప్పితో విసిరిన 84.03 దగ్గర తెగింది. అదే రోజు మన సచిన్ యాదవ్ 86.27 విసిరి నాలుగో స్థానంలో నిలిచాడు, కాంస్యానికి 40 సెంటీమీటర్లు తక్కువ. పెద్ద అక్షరాల్లో రావాల్సింది ఆ కుర్రాడి పేరు కాదా?

ఇక 90 మీటర్ల గోల. 2022 స్టాక్‌హోమ్‌లో 89.94 దగ్గర ఆగాడు, అంటే బెత్తెడు తక్కువ, దానికి మూడేళ్లు సాధించారు జనం. తీరా దోహాలో 90.23 విసిరితే ఆఖరి త్రోలో జర్మనీ వెబర్ 91.06 కొట్టేశాడు. పారిస్ ఒలింపిక్స్‌లో అయితే ఆరు త్రోల్లో ఐదు ఫౌల్స్, లెక్కలోకి వచ్చిన ఒక్కటే 89.45, దానికే రజతం. అంత స్పీడుతో పరిగెత్తుకొచ్చి ఎడమ కాలు నాటి ఒళ్ళంతా ఆపాలి, విసిరాక ముందుకు బోర్లాపడుతూ కూడా గీత ముట్టకూడదు, ముట్టిందా ఫౌలే. అప్పటికి గజ్జల్లో గాయం. కాలు నాటాలంటే ఎవరికైనా భయమే.

ఆ 89.45 ఎంతో చూద్దామని మా పిల్లలు టేపు పట్టారు. మా గ్రౌండ్ అయిపోయి కాంపౌండ్ గోడ అడ్డొచ్చింది. 'సార్, గోడవతల పడుతుందా?' అని ఒకడు నోరు తెరిచాడు.

ఒక చిన్న రిక్వెస్ట్. ఇకమీదట స్థానం ఒక్కటే కాకుండా ఆరు త్రోలూ, ఫౌల్స్‌తో సహా వేయండి. కత్తిరించి మా నోటీసు బోర్డు మీద అంటించుకుంటాం.

– ఒక పీఈటీ, ఖమ్మం జిల్లా