కూర్చోవడం సరే, లేచాక?

చిరంజీవి పెద్దవాడికి,
అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ సాయంత్రాలు నడకకు వెళ్తున్నారు. ఫోనులో అయితే రెండు మాటలు కాగానే "సరేలే అమ్మా" అంటావు. కాగితం మీద నన్ను మధ్యలో ఆపలేవు కదా, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ధ్యానం మొదలుపెట్టావని విన్నప్పుడు సంతోషించాను. ఇప్పటికీ అభ్యంతరం లేదు. కానీ పోయినసారి నువ్వన్న మాట నాకు మింగుడు పడలేదు. "జరగాల్సింది జరుగుతుంది, మనం చూస్తూ ఉండడమే. బుద్ధుడు చెప్పిందీ అదే, చైనావాళ్ళ తావో మతం చెప్పిందీ అదే" అన్నావు. సరిగ్గా నీలాగే అనుకున్న ఒకాయన కథ చైనాలో ఉంది. చివరికి ఆయనే దాన్ని తన కొడుకు కోసం రాసిపెట్టాడు కాబట్టి, నీకు చెప్పడానికి నాకు హక్కుందనుకుంటాను.

ఆయన పేరు యువాన్ హువాంగ్. మింగ్ వంశపు రోజుల్లో, 1533లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సర్కారు పరీక్షల చదువు మానేసి వైద్యం నేర్చుకోమంది తల్లి. బతుకు గడుస్తుంది, నలుగురికీ మేలు అని. సరేనన్నాడు. అంతలో ఒక గుడిలో పొడవాటి గడ్డం ముసలాయన తారసపడ్డాడు. యున్నాన్ నుంచి వచ్చిన జ్యోతిష్కుడు, ఇంటిపేరు కోంగ్. నీకు కొలువు రాసిపెట్టి ఉంది, వెళ్ళి చదువుకో అన్నాడు. ఒక పరీక్షలో 14వ స్థానం, దాని పైదానిలో 71, ఆ పైదానిలో 9 వస్తాయన్నాడు. అలాగే వచ్చాయి. ప్రభుత్వం విద్యార్థికిచ్చే భత్యపు బియ్యం ఎంత అందుకున్నాక పై మెట్టు ఎక్కుతాడో కొలతతో సహా చెప్పాడు. ఒక అధికారి ముందుగానే పైకి పంపబోతే మరొక అధికారి అడ్డుపడ్డాడు, చివరికి లెక్క ఆయన చెప్పినచోటే తేలింది. ఇక మిగిలినవాటిలో ముఖ్యమైనవి రెండు. సంతానం లేదు. ఆయుష్షు 53 ఏళ్ళు, అది కూడా ఎనిమిదో నెల పద్నాలుగో తేదీన.

ఇంత తెలిశాక ఆ మనిషి కోరికలన్నీ కట్టిపెట్టాడు. రాజధానిలో ఏడాదిపాటు పుస్తకం ముట్టకుండా పగలంతా మౌనంగా కూర్చున్నాడు. 1569లో నాన్‌జింగ్ దగ్గర చీషియా కొండకు వెళ్ళి యూన్‌గు అనే చాన్ గురువును కలిశాడు. జపానులో జెన్ అంటున్నది ఈ చాన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయాన్నే. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా మూడు పగళ్ళు, మూడు రాత్రులు కన్ను మూయకుండా కూర్చున్నారు. గురువుకు ఆశ్చర్యం వేసింది. మూడు రోజుల్లో నీలో ఒక్క పిచ్చి తలపు కూడా లేవలేదే, ఎలా అని అడిగాడు. కోంగ్ గారు నా లెక్కంతా కట్టేశారు, చావు కూడా నిర్ణయమైపోయింది, ఇక తలచుకోవడానికి ఏముంది అన్నాడు ఇతను. యూన్‌గు పకపకా నవ్వాడు. నిన్నొక మహానుభావుడివి అనుకున్నాను, తీరా చూస్తే మామూలు మనిషివే అన్నాడు.

ఆ నవ్వు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడు రోజులు తలపు లేకుండా కూర్చోవడం చిన్న విషయమా? నీకూ నాకూ మూడు నిమిషాలు చేతకాదు. అయినా ఆ గురువు దానికి పైసా విలువ కట్టలేదు. ఎందుకంటే అది సాధనతో వచ్చిన నిశ్శబ్దం కాదు, చేతులెత్తేయడం వల్ల వచ్చింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. లోపలున్న మనిషికి కూడా ఒక్కోసారి తేడా తెలియదు.

తర్వాత గురువు అడిగిన ప్రశ్న ఇంకా కటువైనది. జాతకం సంగతి పక్కన పెట్టు, పదవికీ సంతానానికీ నీకు అర్హత ఉందా, నువ్వే చెప్పు అన్నాడు. యువాన్ హువాంగ్ ఆలోచించి లేదన్నాడు. తన తప్పులు తానే ఏకరువు పెట్టాడు: ఓపిక లేదు, ఇతరుల లోపాలు సహించలేను, నోరు తెరిస్తే ఆపను, కోపం ఎక్కువ, తాగుతాను. ఆ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది చూడు, రాత్రంతా మేలుకుని కూర్చుంటాను, ఒంట్లో సత్తువ నిలుపుకోవడం తెలియదు అని. ధ్యానం చేసే మనిషి ధ్యానాన్నే తన తప్పుల పద్దులో రాసుకున్నాడు.

అలాగని గురువు కూర్చోవడం మానమనలేదు. తాయెత్తుల యంత్రాలు గీసే తావో పండితుల పద్ధతి ఒకటి చెప్పాడు. కుంచె చేతిలోకి తీసుకుని, అన్నీ వదిలేసి, మనసులో ధూళి రేణువైనా లేని చోటు నుంచి మొదటి చుక్క పెట్టాలి, చివరి గీత దాకా ఇంకొక తలపు రాకుండా గీయాలి, అప్పుడే ఆ యంత్రానికి శక్తి ఉంటుంది అని. బౌద్ధ గురువు తావో విద్యను ఉదాహరణగా తెచ్చుకోవడం ఆ దేశంలో వింతేమీ కాదు. తలపు లేని ఆ చోటు చుక్క పెట్టడానికి. చుక్క పెట్టకుండా కుంచె పట్టుకుని కూర్చుంటే కాగితం ఖాళీగానే ఉంటుంది.

ఆ పైన అతని చేతిలో ఒక చిట్టా పెట్టాడు. బ్యాంకులో ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి నాకు ఇక్కడ ఆసక్తి పెరిగింది. పుణ్యపాపాల జమాఖర్చు రాసుకునే ఈ అలవాటు తావో మతం నుంచి వచ్చింది. మనకు దొరుకుతున్న వాటిలో పాతది 1171 నాటిది, అందులో జమ పద్దులు 36, ఖర్చు పద్దులు 39. పడక తలవైపు కుంచె, పుస్తకం పెట్టుకోవాలి. నిద్రపోయే ముందు ఆ రోజు చేసిన మంచీ చెడూ రాయాలి. నెలకొకసారి చిన్న మొత్తం, ఏడాదికొకసారి పెద్ద మొత్తం తేల్చాలి. మన చిత్రగుప్తుడు చేసే పనే. కాకపోతే అక్కడ లెక్క రాసేది పైనున్న గుమాస్తా కాదు, నువ్వే. నీ ఖాతాను నువ్వే తనిఖీ చేసుకోవాలంటే ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

ఆ 1171 నాటి చిట్టాకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే గె హోంగ్ అనే తావో పండితుడు ఇంకా కఠినంగా చెప్పాడు. అమరత్వం కోసం రసాయనాలు కాచే విద్యలో ఆయన పెద్ద పేరు. అయినా మంచి పనుల లెక్క నిండకపోతే ఏ రసం తాగినా ఉపయోగం లేదన్నాడు. భూలోకంలో అమరుడు కావాలంటే 300 మంచి పనులు, స్వర్గంలో కావాలంటే 1200. వరుసగా 1199 చేసి, ఒక్క చెడ్డ పని చేస్తే మొత్తం కొట్టుకుపోతుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇంత కర్కశమైన బ్యాంకులో నేనైతే పని చేయను. అయితే తావో అంటే చేతులు ముడుచుకుని ప్రవాహంతో పోవడమే అన్న నీ మాటకు మాత్రం ఇది సమాధానం.

యువాన్ హువాంగ్ మూడు వేల మంచి పనులు చేస్తానని మొక్కుకున్నాడు. పూర్తి కావడానికి పదేళ్ళు దాటింది. మెలకువలో నిలదొక్కుకుంటాను, తాగితే జారిపోతాను, జమకు ఖర్చు సరిపోతోంది అని దాచకుండా రాశాడు. ఆయన భార్యకు రాయడం రాదు. ఆమె చేసిన ప్రతి మంచి పనికీ పెద్దబాతు ఈక గొట్టాన్ని ఎర్ర రంగులో ముంచి పంచాంగంలో ఒక గుండ్రం ముద్ర వేసేది. పేదలకు అన్నం పెట్టిన రోజు, బతికున్న ప్రాణులను కొని వదిలిపెట్టిన రోజు, అన్నీ అక్కడ ఎర్రగా ఉండేవి. ఆ ఇంట్లో అసలు సాధకురాలు ఆమేనని నా అనుమానం. 1581లో కొడుకు పుట్టాడు. 1586లో ఆయన అన్నింటికన్నా పెద్ద పరీక్ష గట్టెక్కి బావోదీ అనే చోట అధికారి అయ్యాడు. పదివేల మంచి పనులు చేస్తానన్న కొత్త మొక్కు ఉంది, కచేరీలో కూర్చుని ఎలా తీర్చడమని దంపతులకు దిగులు. ఒక కలలో ఎవరో దేవుడు, రైతుల శిస్తు తగ్గించావు, ఆ ఒక్కటే పదివేలకు సమానం అన్నాడట. కల మాట ఎలా ఉన్నా, ఆయన శిస్తును మూడో వంతుకు పైగా తగ్గించాడు. 53వ ఏట చావలేదు. 69వ ఏట కొడుక్కి ఇదంతా రాశాడు.

ఇందులో నేను ఒప్పుకోనిది ఒకటుంది. మంచి పనులు చేసినందుకే కొడుకు పుట్టాడు అన్న లెక్క. ఆ వెంటనే వచ్చిన తరంలో ల్యూ జోంగ్‌జౌ అనే కన్ఫ్యూషియస్ పండితుడు కూడా దీన్ని తప్పుపట్టాడు, పుణ్యం లెక్కపెట్టుకోవడం లాభాపేక్షే అన్నాడు. నాకు ఇంకొక భయం. ఈ లెక్క తిరగేస్తే, పిల్లలు లేనివాళ్ళూ జబ్బుపడినవాళ్ళూ తప్పు చేసినవాళ్ళు అవుతారు. మీ పిన్ని గురించి అలాంటి మాట ఎవరన్నా నేను ఊరుకోను. బుద్ధుడూ ఊరుకోలేదు. శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనంటారు, నిజమేనా అని అడిగాడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం అని వరుసగా కారణాలు చెప్పి, కర్మను ఎనిమిదోదిగా చివర పెట్టాడు. మనకు జరిగేదానికంతా మనం బాధ్యులం కాదు. మనం చేసేదానికి మాత్రం బాధ్యులం.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల చెల్లెలి మీద అరిచావు. మాట చాలా పెద్దదే అన్నావు. ఆ రాత్రి నేనడిగితే, "కోపం వచ్చింది, గమనించాను, పోయింది" అన్నావు. నీలోంచి పోయింది సరే. అది వెళ్ళి దాని దగ్గర కూర్చుంది. పిల్ల రెండు పూటలు సరిగ్గా తినలేదు.

బుద్ధుడు ఈ విషయం తన సొంత కొడుకు రాహులుడికే విడమరచి చెప్పాడు. అద్దంలో చూసుకున్నట్టు చేసే పనిని చూసుకోమన్నాడు. చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా. చేసిన పని వల్ల గానీ, అన్న మాట వల్ల గానీ హాని జరిగిందని తెలిస్తే గురువు దగ్గరో తోటి సాధకుల దగ్గరో దాచకుండా ఒప్పుకోవాలి, ఇక ముందు జాగ్రత్త పడాలి. మనసులో వచ్చిన తలపు సంగతి వేరు, దాన్ని చూసి రోసి వదిలేయమన్నాడు. తేడా గమనించావా? నీ "గమనించాను, పోయింది" తలపు వరకూ చెల్లుతుంది. నోరు దాటిన మాటకు చెల్లదు. ఊపిరి మీద ధ్యానం కూడా బుద్ధుడు ఆ పిల్లవాడికి నేర్పాడు. రెండూ ఒకే కొడుక్కి, ఒకే తండ్రి చెప్పినవి.

మీ గురువుగారి మీద నీకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అయితే "ఆయన చూసుకుంటారు" అన్నావే, అది చూసుకునే వ్యవహారం కాదు. మొగ్గల్లానుడు అనే లెక్కల పండితుడు, మీ శిష్యులందరూ నిర్వాణం చేరుతున్నారా అని బుద్ధుణ్ణే అడిగాడు. కొందరు చేరుతారు, కొందరు చేరరు అన్నాడాయన. రాజగృహానికి దారి నీకు బాగా తెలుసు. అడిగినవాడికి వివరంగా చెప్పావు. వాడు ఎదురు దిక్కున పోతే నువ్వేం చేస్తావు అని ఎదురు ప్రశ్న వేశాడు. దారి చెప్పేవాణ్ణే నేను అన్నాడు.

చివరగా, మీ రూములో ఉంటున్న అబ్బాయి చెప్పాడు, నువ్వు అర్ధరాత్రి దాటాక కూడా కూర్చుంటున్నావని. జపానులో హకుయిన్ అనే జెన్ గురువు, 1686లో పుట్టినవాడు, యౌవనంలో అలాగే పట్టుదలకు పోయి ఒళ్ళు పాడుచేసుకున్నాడు. గుండెల్లో మంట, కాళ్ళు మంచులా చల్లబడడం, చెవుల్లో హోరు. చివరికి క్యోటో దగ్గరి కొండల్లో హకుయూ అనే ఒంటరి మునిని ఆశ్రయించానని ఆయనే రాశాడు. ఆ ముని చెప్పినది చాలావరకు తావో యోగుల విద్య: దృష్టిని తల నుంచి దించి నాభి కిందికి తేవడం, తలమీద సువాసనగల వెన్నముద్ద మెల్లగా కరిగి ఒళ్ళంతా కిందికి జారుతున్నట్టు భావించడం. ఆయన కోలుకుని ఎనభై ఏళ్ళు దాటి బతికాడు. నీకు అలాంటి లక్షణాలు ఏవైనా ఉంటే ముందు డాక్టరుకు చూపించు, తర్వాతే వెన్న సంగతి. పదకొండుకల్లా పడుకో. తెల్లవారి లేచి కూర్చుంటే ఎవరూ కాదనరు.

ఊరగాయ జాడీ ఒకటి సర్ది ఉంచాను, ఈ వైపు వచ్చే మీ స్నేహితుల చేత పంపిస్తాను. చెల్లెలికి ఈ శనివారంతో పరీక్షలు అయిపోతాయి. ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటుంది. నాన్నగారి ఫోనుకు కాదు, దాని ఫోనుకే చెయ్యి. మొదటిసారి ఎత్తకపోవచ్చు, మళ్ళీ చెయ్యి.

ఇట్లు,
అమ్మ