కలెక్టరేట్ గోడ పక్కన అర్జీలు రాసే అమ్మగారికి నా కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం అమ్మకు డయాలసిస్ జరుగుతుండగా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఫోనుకు బ్యాంకు సందేశాలు రెండు వెంట వెంటనే వచ్చాయి. మా ఇద్దరు ఆడపిల్లలకు ఒక్కొక్కరికి 13,000 రూపాయల చొప్పున, బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు నా ఖాతాలో పడింది. మూడుసార్లు చదువుకున్నాను. ఆ తరువాత నర్సమ్మ వచ్చి ఏమైందని అడిగేవరకు నేను ఏడుస్తున్న సంగతి నాకే తెలియలేదు. రాత్రి నిద్ర పట్టలేదు కనుక తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

జరిగినది చెప్పాలి. 2025 జూన్ 12న ఊరందరి ఖాతాల్లోనూ డబ్బు పడుతున్నప్పుడు మా ఊరి సచివాలయం గోడకు అంటించిన అనర్హుల జాబితాలో నా పేరు కనబడింది. కారణం దగ్గర విద్యుత్ వినియోగం 300 యూనిట్లు దాటిందని ఉంది. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక పాత టీవీ, నా కుట్టుమిషను మోటారు మాత్రమే. మా ఆయన తాపీ పనికి వెళతారు. మండువేసవిలో సైతం మా బిల్లు ఎన్నడూ 90 యూనిట్లు దాటలేదు. బిల్లులన్నీ పట్టుకుని సచివాలయానికి వెళితే, సిస్టంలో అలా చూపిస్తున్నప్పుడు తాము చేయగలిగింది ఏమీ లేదని, కరెంటు ఆఫీసులో అడగమని చెప్పారు. కరెంటు ఆఫీసులో అడిగితే, మీటరుకు ఆధార్ ఎక్కించింది తాము కాదని, సచివాలయానికే వెళ్లమన్నారు. ఆ రెండు గడపల మధ్య నాలుగు రోజులు తిరిగాను.

సోమవారం నాడు అమ్మ దగ్గర మా మరదలిని కూర్చోబెట్టి, కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాను. ప్రహరీ గోడ పక్కన చెక్కబల్ల వేసుకుని అర్జీలు రాసే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని నా కథంతా చెప్పాను. ఆవిడ నా కాగితాలన్నీ చూసి, కలానికి మూత పెట్టేసి, "ఇప్పుడు రాస్తే నాకు 50 రూపాయలు వస్తాయి గానీ నీ పని కాదమ్మా. నీ పేరు మీద ఏ మీటరు చూపిస్తోందో ఆ కాగితం ముందు అడిగి తెచ్చుకో. పొరపాటు ఎక్కడో అందులోనే ఉంటుంది," అన్నారు. నాలుగు రోజుల్లో ఆ మాట నాకు ఒక్కరూ చెప్పలేదు.

మర్నాడు సచివాలయంలో గట్టిగా అడిగి ఆ కాగితం తీయించుకుని ఆవిడ దగ్గరకు తీసుకువెళ్లాను. ఆవిడ స్టీలు స్కేలును మా కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు కింద పెట్టి, ఒక్కొక్క అంకె పైకి చదువుతూ, రెండవ కాగితంలోని నంబరుతో పోల్చారు. చివరి అంకెల దగ్గర స్కేలు ఆగింది. ఆ నంబరు మాది కాదు. నాలుగేళ్ల కిందట మేము అద్దెకు ఉండి ఖాళీ చేసిన ఇంటిది. ఇంటివారు ఆ తరువాత మేడ వేసుకుని, రెండు ఏసీలు పెట్టుకున్నారు. అప్పట్లో సర్వేకు వచ్చినవారు మా ఆధార్‌ను ఆ మీటరుకు కలిపారు. మేము ఇల్లు మారినా అది అక్కడే ఉండిపోయింది. ఆవిడ అప్పుడు అర్జీ రాశారు, నేను ఇచ్చిన 50 రూపాయలు తీసుకున్నారు. తీసుకోవడమే న్యాయం, అది ఆవిడ బతుకుతెరువు.

మరుసటి సోమవారం మరదలి బాబుకు జ్వరం వచ్చింది. అమ్మకు వారానికి మూడు డయాలసిస్‌లు, సోమవారం అందులో ఒకటి, దానిని మార్చే వీలు లేదు. రాలేనని చెప్పడానికి ఆవిడకు ఫోన్ చేస్తే, "మీ అమ్మను చూసుకుని, అయ్యాక రామ్మా," అని పెట్టేశారు. అమ్మను ఇంట్లో దింపి నేను చేరేసరికి పన్నెండు దాటింది. ఆవిడ బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. లోపలికి వెళ్లి చూస్తే, వరుసలో నా అర్జీ ఉన్న కవరు చంకలో పెట్టుకుని, నొప్పి పెడుతున్న మోకాలిని ఒక చేత్తో పట్టుకుని ఆవిడ నిలబడి ఉన్నారు. ఉదయం ఎనిమిదింటికి నిలబడ్డారట. అర్జీలు రాసేవారికి వారంలో నాలుగు డబ్బులు కనబడేది ఆ ఒక్క సోమవారమే. ఆ రోజును ఆవిడ ముక్కూ మొహమూ తెలియని నా కోసం వదులుకున్నారు. నన్ను చూడగానే, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని అడిగి, కవరు నా చేతిలో పెట్టి, కుంటుకుంటూ వెళ్లి మళ్లీ తన బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మ జబ్బు పడినప్పటి నుంచి అందరికీ వండి పెడుతున్నాను కానీ, ఆ మాట నన్ను అడిగినవారు లేరు.

ఆ తరువాత పని త్వరగానే జరిగింది. అధికారి అక్కడికక్కడే కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆ మీటరు నుంచి మా ఆధార్‌ను తొలగించారు. తొలగించినట్టు ఇచ్చిన పత్రాన్ని సచివాలయంలో అభ్యంతరంగా నమోదు చేయించాను.

పథకం మీద నాకు కోపం లేదు. దీనికి ముందు అమ్మ ఒడి పథకం ఉన్నప్పుడు ఇంట్లో ఒక్క బిడ్డకే వచ్చేది, ఇప్పుడు ఇద్దరికీ వచ్చింది. పల్లెల్లో నెలసరి ఆదాయం 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదని, మాగాణి మూడెకరాల లోపు ఉండాలని, కారు ఉండకూడదని పెట్టిన నిబంధనలు ఉన్నవారిని వేరు చేయడానికే అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ తప్పు నంబరు ఎక్కించింది ఎవరో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. అది తప్పని నిరూపించే భారం మాత్రం కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని మేమే మోయవలసి వచ్చింది. ఆ జాబితాలో కారణం పక్కన సర్వీసు నంబరు కూడా అచ్చు వేసి ఉంటే, గోడ దగ్గరే నా బిల్లుతో పోల్చి చూసుకునేదాన్ని. ఆ ఒక్క నంబరు వేయడానికి ఏమవుతుంది? మా వీధిలో ఇదే కారణంతో ఆగిపోయినవారు మరో ఇద్దరు ఉన్నారు. వారిని ఈ సోమవారం ఆవిడ దగ్గరకు తీసుకువెళుతున్నాను.

పెద్దదానికి కళ్లజోడు కొనాలి. బోర్డు కనబడక ఏడాదిగా ముందు బెంచీలో కూర్చుంటోంది. మిగిలినది డ్వాక్రా బాకీకి పోతుంది.

మా ఆయన, తమ్ముడు, మరదలు చేసినదానికి వేరే చెప్పనక్కరలేదు. డయాలసిస్ గదిలో నేను కాగితాల కోసం బయటకు వెళ్లినప్పుడల్లా అమ్మను కనిపెట్టుకుని ఉన్న టెక్నీషియన్ అబ్బాయికి కృతజ్ఞతలు. చిల్లర లేదంటే జిరాక్సులు తీసి ఇచ్చి తరువాత ఇవ్వమన్న కుర్రవాడికి కూడా. ఆ 14 రూపాయలు ఇంకా ఇవ్వలేదు, రేపే ఇచ్చేస్తాను. మా డ్వాక్రా లీడరు అక్కను మరిచిపోయాను, ఆధార్‌తో నా ఖాతా ముడిపడలేదని ముందే చూసి బ్యాంకుకు పంపించింది ఆమే. ఇంకా ఆ రెండవ సోమవారం వరుసలో అర్జీలు రాసే అమ్మగారి వెనుక నిలబడి, ఆవిడ మోకాలు చూసి కాసేపు కూర్చోమని తన సంచీ కింద వేసిన చెల్లెలు ఒకరు ఉన్నారు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.