కుండీ కింద పళ్లెం వంపితే చాలదా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. వినాయక చవితి వెళ్లిన వారంలో మీ జిల్లా పేజీలో దోమల మీద ఒక వార్త వచ్చింది. మా ఊళ్లో జ్వరాలు పెరగడానికి డాబాల మీద పెంచుతున్న కుండీలు కారణమని, వాటిని తీసేయిస్తామని అధికారులు చెప్పినట్టు రాశారు. చదివి ఊరుకున్నాను. ఆ మరుసటి శుక్రవారం మావారిని షుగర్ పరీక్షలకు తీసుకెళ్లి వచ్చేసరికి మా డాబా మీద పదకొండు కుండీలు బోర్లించి ఉన్నాయి. రెండు గ్రోబ్యాగులు చిరిగిపోయాయి. కింద వాటాలో అద్దెకున్న అమ్మాయి ‘టీచర్ గారు వచ్చేదాకా ఆగండి’ అని బతిమాలిందట. వచ్చిన సిబ్బంది ఆగలేదు. ఇన్ని రోజులు ఆగి రాస్తున్నానంటే, ఆ రోజే రాసి ఉంటే మాట తూలేదాన్ని.

ఇళ్లలో నిలవ నీళ్లు పారబోసే డ్రై డే వద్దని నేను అనను. డెంగీ దోమ ఎక్కువగా మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందని, వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమై ఎగురుతుందని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినదాన్ని. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా ఇంట్లో ముగ్గురం మంచం పట్టాం. నాలుగు నెలలు నా వేళ్లు ముడుచుకోలేదు, జడ వేసుకోలేకపోయాను. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు కుండీల కింద పళ్లేలు వంపి, తుడిచి, ఎండబెడుతున్నాను. నీళ్ల డ్రమ్ముకి పాత పంచె గుడ్డ కట్టి ఉంటుంది. దోమ పిల్ల పెరగాలంటే నిలవ నీరు కావాలి. పోసిన నీళ్లు ఇంకిపోయే మట్టిలో అది ఎలా పెరుగుతుంది? పళ్లెంలో నీళ్లుంటే పళ్లెం వంపాలి, తప్పు నాదైతే జరిమానా కట్టించుకోవాలి. మొక్కని వేళ్లతో సహా పీకి పారేయమని ఏ ఆరోగ్య శాఖ చెప్పింది?

పీకినవాటిలో చిక్కుడు పాదు ఉంది. కోనసీమలో మా అత్తగారి ఊరి విత్తనం అది. ఆవిడ గింజల్ని బూడిదలో కలిపి సీసాలో దాచేవారు. ఆవిడ పోయాక ఆ సీసా నాకు వచ్చింది. పందొమ్మిదేళ్లుగా ఏటా ఆషాఢంలో పెడుతున్నాను. నాటు చిక్కుడు వంగ, బెండ లాంటిది కాదు. రోజు పొద్దు తగ్గి చలి గాలి తిరిగితే గాని పూత పట్టదు. కార్తీకంలో పూసి, సంక్రాంతికి విరగకాసి, రథసప్తమి నాడు దాని కాయలతోనే సూర్యుడికి రథం కట్టి, దాని ఆకుల్లోనే పరమాన్నం పెడతాం. ఇప్పుడు మళ్లీ గింజ పెట్టినా పాదు ఎదగకముందే కాలం దాటిపోతుంది. అది పీకిన అబ్బాయికి ఈ సంగతి తెలియకపోవడం అతని తప్పు కాదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. నా బాధంతా ఆ చెప్పని పెద్దల మీదే.

‘ఏదో కాలక్షేపం, పోతే పోయింది’ అని మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు అన్నారు. అందుకని ఈ తోట ఏమిటో కొంచెం చెప్పాలి. మీ పత్రికల్లో మిద్దెతోట అంటారు, మా వైపు డాబా మీద తోట అంటాం. పొద్దున్నే పోపులోకి అప్పుడే దూసిన కరివేపాకు వేస్తే ఆ వాసన ముందు గదిదాకా వస్తుంది. గోంగూర కొమ్మ తుంచితే పది రోజుల్లో పక్క నుంచి రెండు చిగుళ్లు వేస్తుంది. పాత గోనెసంచిలో కంద వేసి, పిట్టగోడ వారన బచ్చలి పాకించాను. కంద బచ్చలి కూరకి కావలసిన రెండూ డాబా దిగకుండా దొరుకుతాయి. పొట్లకాయ వంకర తిరగకుండా చివర చిన్న రాయి కడితే తిన్నగా సాగుతుంది. మా మనవరాలు ఆ రాళ్లు ఏరి తెచ్చే పని తనదే అంటుంది. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకి తేనెటీగలు పలచబడతాయి కాబట్టి మగ పువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడ పువ్వుకి పుప్పొడి అద్దుతాను. మర్నాడు పిందె పచ్చగా నిలబడితే ఆ రోజంతా మనసు బాగుంటుంది. లేత కాయలు కూరకి, తొక్కు పచ్చడికి. సాయంకాలం చంద్రకాంతలు, చీకటి పడుతుంటే విరజాజులు. మందారం మీద తేనెపిట్ట వాలితే మావారు పేపర్ పక్కన పెట్టేస్తారు. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి, రోజూ రెండు పూటలా మెట్లెక్కి వస్తున్నారంటే అది ఈ మొక్కల కోసమే.

పురుగుమందు కొట్టను. వంగకి పిండినల్లి, చిక్కుడుకి పేనుబంక పడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాను. ఆకు అడుగున కొట్టాలి, పైన కొడితే లాభం లేదు. డాబా బరువు సంగతి కూడా చూసుకున్నాను. తడిసిన మట్టి ఘనపుటడుగు దాదాపు 50 కిలోలు తూగుతుంది. అందుకే సగానికి సగం కొబ్బరి పొట్టు, ఇంటి ఎరువు కలిపాను. పెద్ద డ్రమ్ములన్నీ పిల్లర్ల మీదుగా పెట్టాను. ఇంత జాగ్రత్తపడేవాళ్లని దోమలు పెంచేవాళ్ల జాబితాలో రాశారు.

మా గుమ్మం ముందు మురుగు కాలువ సంగతి కూడా మీ పేపర్లో రావాలి. మేలో పూడిక తీసి గట్టున పోశారు, తీసుకెళ్లలేదు, తొలకరి వానకి అదంతా మళ్లీ కాలువలోకే జారింది. క్యూలెక్స్ దోమ ఇలాంటి మురుగులోనే పెరుగుతుంది. బోదకాలు తెచ్చేది అదే. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకి బోదకాలంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్లో ఆ కాళ్లు చూసినవాళ్లమే. కాలువ కోసం నేను మూడు అర్జీలు ఇచ్చాను. జవాబు లేదు. కుండీల కోసం మాత్రం నలుగురు మనుషులు, ఒక ట్రాక్టరు వచ్చాయి.

చెత్త సంగతీ అంతే. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త మూడూ వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, తడి చెత్తని ఇంటి దగ్గరే ఎరువు చేసుకోవడాన్ని ప్రోత్సహించాలన్నాయి. నేను చేస్తున్నాను. కూరల తొక్కులు, ఎండుటాకులు పొరలు పొరలుగా వేసి, పుల్లమజ్జిగ చల్లి మూత పెడితే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు దిగుతుంది. ఏళ్ల తరబడి మా ఇంటి నుంచి చెత్త బండికి తడి చెత్త వెళ్లలేదు. వేరు చేసి ఇచ్చినవాళ్ల చెత్త కూడా బండిలో ఒకే కుప్పలో పడటం రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇక రోడ్డు మధ్య డివైడర్లు. కడియం నర్సరీలు మాకు కూతవేటు దూరంలో ఉన్నాయి. దేశమంతటికీ మొక్కలు పంపే ఊరది. అది పక్కనే ఉండగా మా మెయిన్ రోడ్డు పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ అలంకార మొక్క పెట్టారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. గన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు ఎండకి తట్టుకోవా? పచ్చగా కనిపిస్తే చాలు, ఏ మొక్కైతేనేం అనుకునేవాళ్లకి నా చిక్కుడు పాదు కూడా తీసేయాల్సిన పిచ్చిమొక్కలాగే కనబడి ఉంటుంది.

నేను నష్టపరిహారం అడగడం లేదు. ఇంటివాళ్లు లేనప్పుడు మేడ ఎక్కకూడదని సిబ్బందికి చెప్పాలి. వచ్చే మనిషికి పళ్లెం, డ్రమ్ము, టైరు, కొబ్బరి చిప్ప, ట్యాంకు మూత చూడటం నేర్పాలి. మొక్క జోలికి వెళ్లవద్దని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. కాలువ పూడిక తీసిన రోజే ఎత్తుకెళ్లాలి. మీరు కూడా ఆ వార్త వేసినంత పెద్దగానే డాబా తోటలవాళ్ల మాట వేయాలని కోరుతున్నాను.

సీసాలో ఇంకా పదహారు గింజలున్నాయి. వచ్చే ఆషాఢంలో మళ్లీ పెడతాను. శుక్రవారాలు మా మేడ తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా వచ్చి చూడవచ్చు. పైకి వచ్చేముందు కింద బెల్లు కొట్టి నన్ను పిలవమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
తూర్పు గోదావరి జిల్లా