మిల్లు మూతపడితే కూలగొట్టడమేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మూతపడ్డ మిల్లుల సంగతి ఎప్పుడొచ్చినా రెండే మాటలు వినిపిస్తాయి. పడగొట్టి ప్లాట్లు వేయాలి, లేదంటే ఏదో ఒక పెద్ద కంపెనీ వచ్చేదాకా తాళం వేసి ఉంచాలి. ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్‌లో ఎర్నెస్ట్ హాల్ అనే ఆయన ఈ రెండూ కాకుండా ఇంకో పని చేశాడు, అది మనవాళ్లకు చెప్దామనే ఈ ఉత్తరం.

హాల్ 1930లో బోల్టన్‌లో ఒక మామూలు శ్రామిక కుటుంబంలో పుట్టాడు. మాంచెస్టర్‌లో పియానో చదువు చదివి, తీరా బతుకుతెరువుకు బట్టల పరిశ్రమలోకి వెళ్లి బాగానే సంపాదించాడు. హాలిఫాక్స్‌లో క్రాస్లీ కుటుంబానికి డీన్ క్లఫ్ అనే కార్పెట్ మిల్లు ఉండేది, ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దదని పేరు, వేల మందికి అదే కూడు. 1980ల మొదట్లో అది మూతపడితే 1983లో హాల్, ఆయన కొడుకు జెరెమీ, జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి కలిసి కొన్నారు. (ఈ సిల్వరే 1987లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర సాల్ట్స్ మిల్లు కొని అందులో డేవిడ్ హాక్నీ అనే చిత్రకారుడి బొమ్మల గ్యాలరీ పెట్టాడు.)

కొన్నారు సరే, సుమారు 12.5 లక్షల చదరపు అడుగుల రాతి భవనాలు, అంత జాగా మొత్తంగా అద్దెకు తీసుకునేవాడు ఎక్కడ దొరుకుతాడు? అందుకే ముక్కలు చేసి చిన్న చిన్న వ్యాపారాలకు ఇచ్చుకుంటూ పోయారు, పెద్ద ఆఫీసులు కూడా వచ్చి చేరాయి. నాకు నచ్చింది ఏంటంటే, ఆ ఆఫీసుల మధ్యలోనే గ్యాలరీలు, చిత్రకారుల స్టూడియోలు, థియేటర్ కూడా పెట్టించడం. 1992లో పుట్టిన నార్తర్న్ బ్రాడ్‌సైడ్స్ నాటక బృందానికి ఇల్లు అదే, వాళ్లు పాత నాటకాలను కూడా తమ ఉత్తర ఇంగ్లండ్ యాసలోనే ఆడతారు. మాది వరంగల్, యాస మీద జరిగే వెక్కిరింపులు మాకూ తెలుసు కాబట్టి ఈ ముక్క రాయకుండా ఉండలేకపోయాను.

అది ఉత్త దానధర్మం అనుకోకండి, అద్దెలొచ్చే వ్యాపారమే. కార్పెట్లు నేసిన వాళ్లందరికీ ఆ ఆఫీసుల్లో పని దొరికిందని కూడా నేననను, మగ్గం దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషిని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేం కదా. కానీ గోడలు నిలిచాయి, జనం రాకపోకలు ఆగలేదు. 1993లో హాల్‌కు సర్ బిరుదు ఇచ్చారు, తర్వాత హడర్స్‌ఫీల్డ్ యూనివర్సిటీకి ఛాన్సలర్ కూడా అయ్యాడు.

మిల్లు డబ్బు ఊరికి పనికిరావడం హాలిఫాక్స్‌కు కొత్తేం కాదు. 1857లో ఆ మిల్లు కుటుంబానికే చెందిన ఫ్రాన్సిస్ క్రాస్లీ పీపుల్స్ పార్క్ కట్టించి ఊరికి ఇచ్చింది ఈ కార్పెట్ల డబ్బుతోనే.

మా వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు ఉండేది, దాని స్థలం చాలావరకు ప్లాట్లయిపోయింది, ఇప్పుడు అనుకుని లాభం లేదు. మీకు ఒక్క మనవి. మిల్లు స్థలం అమ్మకం వార్త వేసినప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అనే కాదు, లోపల ఎన్ని షెడ్లు ఇంకా గట్టిగా ఉన్నాయో కూడా మీ విలేకరి చేత చూపించి రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్