సిక్కు మతం రెండు మతాల కలయిక కాదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా కార్తీక పౌర్ణమికి పత్రికల్లో గురునానక్ గురించి ఒక వ్యాసం వస్తుంది. రాసేవాళ్లు మారినా ఒక వాక్యం మాత్రం మారదు: హిందూ, ఇస్లాం మతాల్లోని మంచిని కలిపి నానక్ సిక్కు మతాన్ని స్థాపించాడని. పోటీ పరీక్షల గైడ్లలోనూ అదే, పిల్లల నోట్సుల్లోనూ అదే. నేను సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండు మార్కుల జవాబుగా అది ఎంత తేలిగ్గా నోటికి వచ్చేస్తుందో చూశాను. ఆ వాక్యం తప్పు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో రెండు కోట్లకు పైగా ఉన్న సిక్కులను పట్టుకుని, మీకంటూ సొంతంగా ఏమీ లేదని ముఖం మీద అనడమే అది.

పోలికలు లేవని నేననను. కర్మ, పునర్జన్మ, ముక్తి సిక్కులకూ ఉన్నాయి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదనే మాట ముస్లింలకు దగ్గరగా వినిపిస్తుంది. సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్‌లో రామ్, హరి పేర్లున్నాయి, అల్లా, ఖుదా కూడా ఉన్నాయి. అంతమాత్రాన కలయిక అయిపోతుందా? బౌద్ధంలో కర్మ సిద్ధాంతం ఉందని దాన్ని సగం వైదికం అనం. ఇబ్రహీం, మూసా, ఈసా ఖురాన్‌లో ఉన్నారని ఇస్లాంను యూదు, క్రైస్తవ మతాల మిశ్రమం అనం. ఆ మర్యాద సిక్కుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం?

నానక్ ఏం చెప్పాడో కాస్త దగ్గరగా చూడండి. ఆ గ్రంథం మొదట్లో వచ్చే మూలమంత్రంలో దేవుడికి చెప్పిన లక్షణాల్లో ఒకటి ‘అజూని’, అంటే పుట్టుక లేనివాడు. దేవుడు పుట్టడు కాబట్టి అవతారాలు లేవు. మన దుకాణాల్లో దేవుళ్ల పటాల వరసలో నానక్ పటాన్నీ పెట్టి దండ వేస్తాం కానీ, ఆయన దేవుడూ కాదు, అవతారమూ కాదు. గురువు. ఇస్లాంలో ప్రవక్తల పరంపర ముహమ్మద్‌తో ముగిసింది, చివరికి తీర్పు దినం ఉంది. సిక్కులు ఆ రెండూ నమ్మరు.

అదే గ్రంథంలోని ఆసా దీ వార్ అనే రచనలో నానక్ జంధ్యం గురించి చెప్పిన మాట ఉంది. దయ అనే పత్తి, తృప్తి అనే నూలు, నిగ్రహం అనే ముడి, సత్యం అనే పురి ఉన్న జంధ్యం నీ దగ్గరుంటే వెయ్యి అంటాడు పురోహితుడితో. అందులోనే మైల గురించీ ఉంది. మైల పట్టింపే నిజమైతే పిడకలోనూ కట్టెలోనూ పురుగులు పుట్టి చస్తున్నాయి, గింజగింజకూ ప్రాణముంది, ఇక నీ వంటింట్లో మైల కానిదేమిటని అడుగుతాడు. పురుటి మైల పేరుతో బాలింతను మూల గదిలో కూర్చోబెట్టిన ఇళ్లలో పెరిగినదాన్ని, ఈ ప్రశ్న నాకు సూటిగా తగిలింది. రాజుల్ని కన్న స్త్రీని తక్కువదని ఎలా అంటారన్న మాటా అక్కడిదే. ముస్లింలతోనూ ఆయన ఇలాగే మాట్లాడాడు: దయే నీ మసీదు, విశ్వాసమే నమాజు చాప, న్యాయంగా సంపాదించుకోవడమే ఖురాన్ అని. చెరిసగం తీసుకుని కలిపినవాడు మాట్లాడే తీరా ఇది? ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి అడిగినవాడి తీరు.

తెలుగువాళ్లకు అర్థమయ్యే పోలికే కావాలంటే నన్నడిగితే బసవన్నను చూపిస్తాను. ఆయన కాయకం (కష్టపడి పనిచేయడం), దాసోహం (సంపాదించింది పంచడం) అన్నాడు. సిక్కులు కష్టపడి సంపాదించు, పంచుకుని తిను, నామం స్మరించు అంటారు. మన వేమన రాళ్లకు మొక్కడాన్నీ కులాన్నీ ఎత్తిపొడిచిన గొంతు కూడా నానక్‌కు దూరం కాదు. అయినా వీరశైవుడి మెడలో లింగం ఉంటుంది, సిక్కుకు పూజించే వస్తువే లేదు. సన్యాసమూ లేదు. నానక్ పెద్ద కొడుకు శ్రీచంద్ విరాగి. నానక్ తన తర్వాత గురువుగా కొడుకును కాదని, సంసారి అయిన శిష్యుడు లెహణాను ఎంచుకున్నాడు. ఆయనే గురు అంగద్. భిక్షువును ముందు వరుసలో నిలిపే బౌద్ధ, జైనాలకూ దీనికీ ఇక్కడే దారులు వేరయ్యాయి.

గురుద్వారాలో గ్రంథానికి వింజామర వీస్తారు, రాత్రి వస్త్రాలు కప్పి వేరే గదికి చేరుస్తారు, తెల్లవారి తెరిచి ఆ రోజు వచ్చిన పుటను పైకి చదువుతారు. మన పవళింపు సేవ లాంటిదేగా అనిపించవచ్చు. కానీ వాళ్లు మొక్కేది అక్కడున్న మాటకు. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ మనుషుల గురు పరంపరను ముగించి, ఇక గ్రంథమే గురువన్నాడు. 1430 పుటల ఆ గ్రంథంలో సిక్కు గురువుల పదాలే కాదు, నేతగాడు కబీర్, చర్మకారుడు రవిదాస్, ముస్లిం సూఫీ షేక్ ఫరీద్ పదాలు కూడా ఉన్నాయి. పరమతస్థుడి మాటను పవిత్ర గ్రంథంలో పెట్టుకుని, దానికి తలవంచే మతం ఇంకొకటి నాకు తెలియదు.

జంధ్యం వద్దన్న నానక్ పరంపరలో తొమ్మిదో గురువు తేగ్ బహదూర్, జంధ్యం వేసుకునే కాశ్మీరీ పండితుల పక్షాన నిలబడి 1675 నవంబరులో ఢిల్లీలో తల ఇచ్చాడు. ఈ ఒక్క సంగతి చెప్పినా పిల్లలకు సిక్కు మతం అర్థమవుతుంది.

ఈ అజ్ఞానం వల్ల నష్టం ఏమిటంటారా? కొన్నేళ్ల కిందట ఒక ప్రవేశ పరీక్ష కేంద్రంలో నాకు డ్యూటీ పడింది. గేటు దగ్గర తలపాగా కట్టిన కుర్రాణ్ణి ఆపి చేతి కడియం తీసెయ్యమన్నారు. తీయకూడదండీ అన్నాడు. ‘మా పిల్లలు రాఖీలు, తాయెత్తులు తీయట్లేదా, నీదేమన్నా గొప్పా?’ అన్నాడు తనిఖీ చేసేవాడు. కడియం కణుపు దాటి రాలేదు. సబ్బునీళ్లు తెప్పించి, చెయ్యి ఎర్రబడేదాకా లాగి తీశారు. ఆ అబ్బాయి దాన్ని రుమాల్లో చుట్టి నా చేతికిస్తూ, ‘కింద మాత్రం పెట్టకండి మేడమ్’ అన్నాడు. తనిఖీ చేసినవాళ్లకు ద్వేషమేమీ లేదు. కడియం దీక్ష తీసుకున్న సిక్కుల సమాజమైన ఖాల్సా గుర్తుల్లో ఒకటని, తాయెత్తు కాదని ఎవరూ చెప్పలేదంతే. కిర్పాణ్ అనే చిన్న కత్తి ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణే చెబుతోంది. నీట్ రాసే సిక్కు విద్యార్థులు కడియం, కిర్పాణ్‌తో రావచ్చని, తనిఖీ కోసం గంట ముందు వస్తే చాలని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అదే 25వ అధికరణలో హిందువులన్న మాటలో సిక్కులూ వస్తారని ఉంది కదా అని కొందరంటారు. హిందూ ధార్మిక సంస్థలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాల సందర్భంలో పెట్టిన వివరణ అది. వాళ్ల విశ్వాసం మీద తీర్పు కాదు.

సిక్కులు మనకు కొత్తవాళ్లూ కారు. పంజాబ్‌ను పాలించిన రంజిత్ సింగ్ పంపిన సైన్యం 1832లో నిజాం రాజ్యానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. అత్తాపూర్ దగ్గరి సిక్ ఛావ్నీ వాళ్లదే. 1699లో ఖాల్సా ఏర్పడినప్పుడు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన ఐదుగురిలో సాహిబ్ సింగ్‌ది మన జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్, కులానికి మంగలి.

మీరు ఈ ఏడాది వ్యాసం వేసే ముందు గురుద్వారాలో గ్రంథం చదివే ఒక గ్రంథీ గారికి చదివి వినిపించండి. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల కమిటీలు కూడా అచ్చుకు ముందు ఆ పని చేయాలి. పరీక్షలు నిర్వహించేవాళ్లు కడియం, కిర్పాణ్ ఉన్న సిక్కు విద్యార్థులు గంట ముందు రావాలని హాల్‌టికెట్ మీదే ఒక లైను వేసి, గేటు సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్